చేపనూనె డబ్బా

"ఆ నూనె ఆపెయ్యమ్మా. చేపపిల్లలు పాడైపోతాయి."

హేచరీ గేటు బయట నిలబడి ఆ పెద్దాయన అన్న మొదటి మాట అది. చేతిలో చేపనూనె డబ్బా ఉంది.

భువనేశ్వరికి ఒళ్లు మండింది. బాపట్ల సముద్రపొడ్డున పండుగప్ప చేపపిల్లల్ని పెంచి చెరువుల రైతులకు అమ్మే ఈ హేచరీ పెట్టిన దగ్గర్నుంచి ఇలాంటి ఏజెంట్లను ఎంతమందిని చూసిందో. ఎవడొచ్చినా పక్కవాడి సరుకు విషమంటాడు, తనది అమృతమంటాడు.

"మేమేం వాడుతున్నామో మీకెవరు చెప్పారండి?"

తెనాలిలో మేతల షాపులో విన్నానన్నాడు. చేపనూనె దొరక్క పొద్దుతిరుగుడు నూనె కలుపుతున్నారట కదా అన్నాడు.

అది నిజమే. గుడ్డులోంచి వచ్చిన పండుగప్ప పిల్లలకు ఆర్టీమియా అనే నలుసంత పురుగులే మేత. ఆ పురుగులకు ముందు చేపనూనె పట్టించి, అప్పుడు పిల్లలకు వేస్తారు. ఈసారి సరుకు రాలేదు. ఏ నూనె అయితే ఏంటని వంటింట్లో నూనె పట్టించేసింది భువనేశ్వరి.

"ఈ డబ్బా ఉంచుకోమ్మా. నాకేం ఇవ్వక్కర్లేదు," అన్నాడాయన.

ఊరికే ఇస్తాననేసరికి ఆమెకు అనుమానం ఇంకా ముదిరింది. డబ్బా లోపలికి రానివ్వద్దని వాచ్‌మన్ జకరయ్యకు చెప్పి వెనక్కి తిరిగింది. ఆ ఎండలో ఆయన డబ్బా మోసుకుంటూ బస్సు కోసం నడిచి వెళ్లడం కిటికీలోంచి చూసింది. పాపం అనిపించింది గానీ పిలవలేదు.

వారం తిరిగేసరికి పిల్లలు ఈదలేక గిరగిరా తిరగడం మొదలుపెట్టాయి. వల తగిలితే చాలు, చచ్చి తేలుతున్నాయి.

ఫిషరీస్‌లో పనిచేసి రిటైరైన జ్ఞానానందం గారు వచ్చి, పిల్లల వెన్నులు వంగి ఉండటం మైక్రోస్కోపులో చూశారు. ఏం నూనె పెట్టావని అడిగారు. చెప్పింది.

"అన్ని నూనెల్లో కొవ్వు ఒకటి కాదమ్మా. కళ్లు, మెదడు, వెన్ను ఏర్పడే వయసు ఇది. చేపనూనెలో ఉండే కొవ్వు అందకపోతే ఇదుగో, ఇలాగే అవుతాయి."

"ఇప్పుడు పెడితేనండి?"

"వంగిన వెన్ను మళ్లీ నిటారు కాదు."

భువనేశ్వరి తొట్ల మధ్యే కూలబడింది. తెగులూ కాదు, నీళ్లూ కాదు, తన చేతులతో తనే చేసింది. ఆ రోజే ఆ మాట విని ఉంటే సగమన్నా దక్కేవి. చెప్పడానికి వచ్చిన మనిషిని గేటు కూడా దాటనివ్వలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

గేటు దగ్గరికి వెళ్లి, ఆ పెద్దాయన ఎవరో ఎలాగైనా కనుక్కోమని జకరయ్యను బతిమాలింది.

జకరయ్య తల దించుకున్నాడు.

"మా చర్చిలో పెద్దండి. పేరు తెలిస్తే మేడమ్ ఆ నూనె ముట్టుకోరు, చెప్పొద్దన్నారు."

"ఎందుకు ముట్టుకోను? అసలు ఎవరాయన?"

"జాన్ బాబు గారండి. మీరు ఆయన్ని ఎప్పుడూ చూసుండరు. ఆయన మునిగిందీ ఇదే పొరపాటుతోనండి. వంకర పిల్లల్ని అంటగడుతున్నాడని మనం రైతులందరికీ చెప్పి మూయించిన రేపల్లె హేచరీ ఆయనదే."