దిండు మీద కాళ్లు

పదకొండో రోజు కూడా దిండు కాళ్ల వైపే ఉంది.

అతను దాన్ని తీసి వాసన చూశాడు. చూడకుండా ఉండాల్సింది.

పెళ్లయిన నాలుగో నెలలో భార్య స్వయంగా కుట్టిచ్చిన దిండు అది. "నలభై ఐదు రోజులు నీళ్ల అడుగునే ఉంటారుగా, తల కింద నాదంటూ ఒకటి ఉండనివ్వండి" అంది. దాన్ని చంకలో పెట్టుకుని జలాంతర్గామి నిచ్చెన దిగిన రోజే అతని పేరు పోయి 'దిండు' మిగిలింది.

జలాంతర్గామిలో మనిషికో పడక ఉండదు, ఇద్దరికి ఒకటి. ఒకడు ఆరు గంటలు పనిలో ఉంటే రెండోవాడు నిద్రపోతాడు. వాడు లేచాక వీడు అదే వెచ్చదనంలోకి దూరతాడు. దిండుది బ్యాటరీ గది. అతని జంట మోటారు గది మనిషి అని, రేవు వదలకముందు రాసిన జాబితాలో ఉంది. ఒక్కసారీ ఎదురుపడలేదు. పడితే నాలుగు దులిపేవాడే.

మనిషి దొరక్క చీటీ రాసి గోడకి అంటించాడు: "అయ్యా, ఇది తల పెట్టుకునేది."

తిరిగొచ్చేసరికి జవాబు ఉంది: "తల వైపు దిండు తీసేసి, చెవి పరుపుకి ఆనిస్తేనే మోటారు చప్పుడు వినిపిస్తుంది. వినకపోతే నాకు నిద్ర పట్టదు."

"మోటారేమన్నా నీ మేనత్త కొడుకా, జోల పాడటానికి?"

"అంతకంటే దగ్గర."

దిండుకి ఒళ్లు మండింది. స్నానం వారానికోసారి, అదీ మూడు చెంబులు. రోజుకోసారి పైదాకా లేచి, గొట్టం ఒక్కటి నీటిపైకి పెట్టి, ఇంజను నడిపి బ్యాటరీలు నింపుకునేటప్పుడు కొత్త గాలి వచ్చేది. ఆ గాలి కూడా ఆ దిండు దాకా వచ్చి వెనక్కి తిరిగేది.

"వాడికి ఇంట్లో ఏం నేర్పలేదా బాబాయ్?" అని వంటాయన దగ్గర వాపోయాడు.

"ఎందుకొచ్చిన గొడవరా, రాయకు" అన్నాడు వంటాయన. గరిటె తిప్పుతూ, "సరే, రాయిలే. ఇక్కడ మాకు మాత్రం వేరే కాలక్షేపం ఏముంది" అన్నాడు.

అసలు భయం వేరే ఉంది. ప్రయాణం చివర పరీక్ష. కళ్లకి గంతలతో ఈ కొస నుంచి ఆ కొసకి నడుస్తూ, ఏ చక్రం తిప్పితే ఏమవుతుందో చేత్తో తడిమి చెప్పాలి. నెగ్గితే కెప్టెన్ స్వయంగా ఛాతీకి డాల్ఫిన్ బ్యాడ్జీ పెడతాడు. లేకపోతే ఒడ్డున గోదాములో తాళ్లు చుట్టుకోవడమే. కిందటిసారి తప్పాడు. "మా బావకి నీళ్లు పడలేదు" అని బావమరిది వీధి వీధంతా చెప్పాడు.

ఈసారి పరీక్ష చూడటానికి పెద్ద అధికారి ఒకాయన రేవు వదిలే చివరి నిమిషంలో ఓడెక్కాడు. కెప్టెన్ తన గది ఆయనకిచ్చేశాడు. దిండు భోజనానికి వెళ్లినప్పుడల్లా కెప్టెన్ పెరిస్కోపు దగ్గరే నిలబడి ఉండేవాడు. దిండు దృష్టిలో కెప్టెన్లు నిద్రపోయే జాతి కాదు.

ఇరవయ్యో రోజు దుప్పట్లో ఒక సాక్సు దొరికింది. నల్లది, బొటనవేలి దగ్గర చిల్లు. దిండు దాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

"నీ సాక్సు నా దగ్గర బందీ. కాళ్లు తీస్తే వదులుతా."

"బెదిరింపులకి లొంగను."

"అయితే ఒంటి సాక్సుతో తిరుగు."

"తిరుగుతున్నాను."

"నీలాంటి మొద్దుని ఈ ఓడ ఎక్కనిచ్చినవాడికి బుద్ధి లేదు."

"ఆ మాట నిజమే."

ముప్ఫై మూడో రోజు పైన యుద్ధనౌక వీళ్లని వెతికే కసరత్తు మొదలైంది. పంకాలు ఆపేశారు. మాటలు ఆపేశారు. వంటాయన గరిటెకి గుడ్డ చుట్టాడు. ఉన్న బ్యాటరీతోనే ఎంతసేపు దాక్కోగలరన్నది లెక్క. దిండు ముప్ఫై గంటలు కన్ను మూయకుండా మీటర్లు చూశాడు. గోడ పట్టుకుని పడక దగ్గరికి వచ్చాడు.

దిండు తల వైపు ఉంది. దాని మీద చీటీ: "ఈ ఒక్క రోజుకి."

అతనికి కళ్లు చెమర్చాయి. మర్నాడు దిండు మళ్లీ కాళ్ల వైపే ఉంది.

పరీక్ష రోజు గంతలు కట్టి గిర్రున మూడుసార్లు తిప్పి వదిలారు. పెద్ద అధికారి, కెప్టెన్ వెనకాలే నడుస్తున్నారు. సగం దూరం బాగానే వెళ్లాడు. పడకల గదిలో కాలు జారి కూలబడ్డాడు. లేచేసరికి ముందేదో వెనకేదో తెలియలేదు. బావమరిది నవ్వు వినిపించినట్టయింది.

తడుముతుంటే చేతికి మెత్తగా తగిలింది. తన దిండే. అంటే ఇది కాళ్ల వైపు. రెండో కొసకి జరిగి, పరుపుకి చెవి ఆనించాడు. సన్నగా, ఎక్కడో దూరంగా, ఓడ వెనక భాగంలోని మోటారు చప్పుడు.

"వెనక భాగం ఇటు" అని లేచి నడిచాడు. చివరి చక్రం దాకా తప్పు పోలేదు.

నలభై ఐదో రోజు రేవులో అందరూ వరసగా నిలబడ్డారు. గట్టు మీద భార్య, పక్కన మొహం ముడుచుకుని బావమరిది. ఎవరైతేనేం, ఆ మోటారు గది మనిషికి దండం పెట్టాలనిపించింది దిండుకి. వరసలో ఒంటి సాక్సువాడి కోసం అందరి కాళ్ల వంకా చూశాడు. అందరికీ రెండేసి ఉన్నాయి.

కెప్టెన్ వచ్చి ఛాతీకి బ్యాడ్జీ గుచ్చి, సరిచేస్తున్నట్టు ముందుకు వంగి, చెవిలో అన్నాడు: "ఇక దిండు నీకే, నా సాక్సు నాకిచ్చెయ్."