కెమెరా మీద బొట్టుబిళ్ల

కుసుమ ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని పలాస జీడిపప్పు ఆర్డర్లు తీసుకుంటుంది. కంప్యూటర్లో దొంగలు దూరి కెమెరాలోంచి చూస్తున్నారని ఎవరో చెబితే, పొద్దున్నే నుదుటి మీది బొట్టుబిళ్ల తీసి దాని కంటికి అంటించేసింది.

రాత్రి టెక్కలి నుంచి మొగుడు ఫోన్ చేశాడు. "కెమెరా మూసినావా?"

"ఎప్పుడో మూసీసినాను. ఇంక ఆడికేటి కనబడతాది?"

ఫోన్ పెట్టేసింది. బయట కొబ్బరాకుల చప్పుడు ఆగిపోయింది. ఆపేసిన తెర దానంతటదే వెలిగింది. ఒక్కో అక్షరమే పడసాగింది.

"వదినా, బొట్టు ఒంకరగున్నాది."

కుసుమ గబుక్కున ఇంటర్నెట్ వైరు పీకేసి కెమెరా వైపు చూసింది. దాని మీద బొట్టుబిళ్ల లేదు. చెయ్యి నుదుటికి పోయింది. అక్కడుంది. సాయంత్రం పక్కింటి పోలమ్మ పేరంటానికి పిలవడానికొస్తే, బోసి నుదురుతో ఎదురెళ్లలేక, రోజూ అద్దం మీంచి తీసినట్టే కెమెరా మీంచి తీసి పెట్టేసుకుంది.

ఆ భయంలోనే, తనకు తెలియకుండానే, వేలితో బొట్టు సరిచేసుకుంది. వైరు ఇంకా రెండో చేతిలోనే వేలాడుతోంది.

తెర మీద మళ్లీ అక్షరాలు పడ్డాయి.

"ఇప్పుడు బాగున్నాది."