గీత మీద పసుపు

2024 సెప్టెంబరు పదహారు, సోమవారం. పొద్దున్నే అనూహ్య పెరుగన్నంలో మాగాయ నంజుకుని తిని, ఏటి ఒడ్డుకు పోయి, జర్మనీలో తానుంటున్న ఊరి పాత టౌన్‌హాలు గోడకి పసుపు రాసి కుంకుమ పెట్టి వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఊరి మ్యూజియం చూసుకునే లోరెంజ్ ఆమె గది తలుపు కొట్టాడు.

"ఆ పని చేసింది మీరేనా?"

పక్కగది ధీరజ్ వెనకనుంచి తెలుగులో గొణిగాడు. "ఒప్పుకోకే! హెరిటేజ్ గోడ అది. పోలీసులకు చెప్పిండనుకో, శుక్రవారం నీ వీసా అపాయింట్‌మెంట్ గోవిందా."

అనూహ్యకి అబద్ధం నోట రాలేదు. "నేనేనండీ."

ముగ్గురూ గోడ దగ్గరికి నడిచారు. ఎల్బ నది అప్పటికే పడవల రేవు మెట్లు మింగేసింది. ఏ వరదకి నీళ్ళు ఎంతెత్తు వచ్చాయో గోడరాయి మీద గీతలు, పక్కనే సంవత్సరాలు. 1845 గీత పచ్చగా మెరుస్తోంది.

"ఇది మా ఊరి చరిత్ర. దీని మీద రంగు పూస్తారా?"

"రంగు కాదండీ, పసుపు. మా కూనవరంలో గోదావరి గడప దాకా వస్తే మా అమ్మమ్మ ఇలాగే పెట్టేది. ఇంతవరకూ వచ్చావు, చాలు తల్లీ, వెనక్కెళ్ళు అని మొక్కేది. ఏరు ఇంకా పెరుగుతుందన్నారు. నాకు ఇంకేం తోచలేదు."

"మొక్కితే వెళ్ళేదా?"

"ఒక్కోసారి. లేకపోతే మూటలు కట్టుకుని కొండెక్కేవాళ్ళం."

ధీరజ్ నవ్వాపుకోలేక దగ్గాడు. లోరెంజ్ నవ్వలేదు. జేబురుమాలు తడిపి గోడ దగ్గరికెళ్ళి ఆగాడు.

"తుడిస్తే ఆ తల్లికి కోపం రాదు కదా?"

"రాదండీ."

అప్పుడు తుడిచాడు, మెల్లగా, పసిబిడ్డ మూతి తుడిచినట్టు.

"మరి కంప్లైంటూ..." ధీరజ్ నసిగాడు.

"సాయంత్రం ఈమె ఆ పసుపూ కుంకుమా తీసుకుని మా ఇంటికి రావాలి. అప్పుడు చెప్తాను."

"సాక్ష్యం కోసమే అడుగుతుండు" అన్నాడు ధీరజ్ దారిలో. అనూహ్య పసుపూ కుంకుమా పొట్లం కట్టుకుంది.

పొద్దుగూకే వేళకి వెళ్ళింది. లోరెంజ్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లోపలివైపు ద్వారబంధం మీద, ఆమె నడుమెత్తున, చాకుతో గీసిన గీత చూపించాడు.

"కంప్లైంటేమీ లేదు. దీనికీ పెట్టండి."

అనూహ్య పొట్లం విప్పింది. మోకాళ్ళ మీద కూర్చుని పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, కళ్ళకద్దుకుంది.

"ఇది ఏ ఏడాది వరదండీ?"

"వరద గీత కాదు. 2002లో వరద నీళ్ళు రావడానికి ముందురోజు మా పాప లీనా ఎత్తు. ఆ వరద తర్వాత కొలవడానికి పాప లేదు" అని, ఆమెని సాగనంపి, పసుపు చెరగకుండా చెయ్యి అడ్డుపెట్టి, ఆ రాత్రికి తలుపు మెల్లగా మూశాడు.