వేలికి చుట్టుకున్న వెంట్రుక

“ఆ వెంట్రుకను పారేయకండి డాక్టరు గారూ. అది నాకు కావాలి.”

గంగాదేవి గొంతులో వణుకు లేదు. బల్ల మీద నాలుగు నెలల మనవరాలు ఏడ్చి ఏడ్చి సోలిపోయి ఉంది. ఎడమకాలి వేళ్లలో ఒకటి నేరేడుపండు రంగుకు తిరిగి ఉబ్బిపోయింది. ఆ వేలి మొదట్లో చర్మంలోకి దిగిపోయిన నల్లని పోగును డాక్టరు ఆంజనేయప్రసాద్ భూతద్దం పెట్టి వెతికి, చిన్న పటకారుతో అప్పుడే తీసి దూది మీద ఉంచారు.

“ఉదయం నుంచీ ఏడుస్తూనే ఉందండీ. కడుపునొప్పేమోనని వామునీళ్లు పట్టేం” అంది తల్లి పద్మశ్రీ.

“పసిపిల్లలు ఊరుకోకుండా ఏడిస్తే బట్టలూ మేజోళ్లూ విప్పి కాళ్లూ చేతులూ చూడాలమ్మా. బాలింతలకు జుట్టు రాలే కాలమిది. రాలిన వెంట్రుక మేజోడులో చిక్కుకుంటే, పాప కాలు ఆడించేకొద్దీ వేలికి చుట్టుకుంటుంది. తడిసి ఆరితే మరీ బిగుస్తుంది.”

“దానంతటదే ఇన్ని చుట్లు చుట్టుకుందా?” గంగాదేవి అడిగింది.

“చుట్టుకుంటుందండి. అరుదే గాని, నేను ఇదివరకు చూశాను.”

“నా జుట్టు కూడా కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది అత్తయ్య గారూ...”

“నువ్వు ఊరుకో పద్మా. ఎవరో చేసిన పాపం నీ నెత్తిన వేసుకోకు.”

“వేలు నిలుస్తుందాండీ?” గుమ్మం దగ్గర నుంచి ఎవరో అడిగారు.

పాపకు రోజూ నీళ్లు పోసే నాగదుర్గ అక్కడ నిలబడి ఉంది. మోకాళ్లను తాకే జడ ఆమెది. ఊళ్లో అంత జడ మరొకరికి లేదు.

“చెప్పలేను” అన్నారు డాక్టరు. “రక్తం మళ్లీ అందితే నిలుస్తుంది. నల్లబడితే తీసేయాల్సి రావచ్చు.”

గంగాదేవి చూపు ఆ జడ మీద ఆగింది.

“పొద్దున్న నీళ్లు పోసిందెవరే?”

“నేనేనండి.”

“మేజోళ్లు తొడిగిందెవరు?”

“ఆయ్, నేనే తొడిగేనండి.”

“నీ కడుపున ఒక కాయ కాయలేదని మా ఇంటి కాయ మీద కన్ను పడిందా? ఇక మా గడప తొక్కావంటే మర్యాద దక్కదు!”

నాగదుర్గ పాప వేలి వంక ఒకసారి చూసి, వెనుదిరిగి వెళ్లిపోయింది. తప్పు లేని మనిషి అంత నిశ్శబ్దంగా వెళుతుందా? గంగాదేవికి అదే మొదటి రుజువు అనిపించింది.

పాపను ఆసుపత్రిలోనే ఉంచారు. మర్నాడు సాయంత్రం పద్మశ్రీ ఫోను మోగింది.

“వేలు ఎరుపెక్కిందా అమ్మా?”

“ఎక్కింది దుర్గా. ఇక భయం లేదన్నారు.”

అవతల నాగదుర్గ ఫోను పెట్టేసింది. గంగాదేవి దగ్గరగా వచ్చింది.

“ఏమడిగింది?”

“వేలు ఎలా ఉందనండి.”

“పాప ఎలా ఉందని అడిగిందా? పాలు తాగుతోందా అని అడిగిందా? వేలు! తను చేసిన పని పారిందో లేదో తెలుసుకోవాలి దానికి!”

“అలా అనకండత్తయ్య గారూ. పాపను నాకంటే ఎక్కువగా ఎత్తుకుంది.”

“అందుకే నమ్మి మోసపోయాం.”

ఆ తరువాత ఎన్నిసార్లు చేసినా నాగదుర్గ ఫోను పలకలేదు. మరుసటి రోజు గంగాదేవి తన మేనల్లుడు వీరబాబును ఆమె ఇంటికి పంపింది. అతడు ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు.

“తాళం వేసుంది అత్తా. తెల్లారకుండానే రావులపాలెం బస్సెక్కేసిందంట. ఎక్కడికని పక్కింటోళ్లడిగితే చెప్పలేదంట.”

“రావులపాలెం చేరితే ఇంక ఎక్కడికైనా పోవచ్చు. పారిపోయింది!”

“చుట్టాలింటికేమో అత్తా.”

“నీకు అందరూ మంచివాళ్లే. నోరు మూసుకో.”

పాపను ఇంటికి పంపే రోజున గంగాదేవి వెంట్రుకను ఒక ఖాళీ మందుసీసాలో వేసుకుని డాక్టరు గది ముందు కూర్చుంది. ఆయన బయటికి రాగానే సీసాను ఎత్తి చూపింది.

“ఇటునుంచి ఇటే పోలీసు స్టేషనుకు వెళుతున్నాను. ఒక్క ముక్క రాసివ్వండి, ఎవరో కట్టారని.”

“అబద్ధం నేను రాయనండి. పనిచేసుకు బతికే మనిషిని కేసులోకి లాగితే, రేపు ఆమె చేతికి ఎవరు బిడ్డనిస్తారు?”

“పరాయి బిడ్డ వేలు తీయించబోయినప్పుడు ఆ ఆలోచన దానికి ఉండాలి. దాని తలలోంచి ఒక వెంట్రుక తెచ్చి దీని పక్కన పెడితే నిజం తేలిపోతుంది.”

“ఆమెది కాదని తేలితే?”

“దాని కాళ్లు పట్టుకుంటాను. సరేనా?”

డాక్టరు తల తిప్పి చూశారు. వరండా చివర నాగదుర్గ వస్తోంది. ముఖం చెల్లక దాచుకున్నట్టు పైటను నుదుటి దాకా కప్పుకుని ఉంది. ఎవరినీ పలకరించకుండా నేరుగా పద్మశ్రీ దగ్గరికి వెళ్లి, పాప కాలు పట్టుకుని వేలు చూసింది. గులాబీ రంగుకు తిరిగిన ఆ వేలిని కళ్లకు అద్దుకుంది.

“చాల్లే నాటకం!” గంగాదేవి లేచి నిలబడింది. “పారిపోయినదానివి మళ్లీ ఎందుకొచ్చావు?”

“పాపను చూద్దామనండి.”

“చూశావుగా. ఇప్పుడు నీ తల వెంట్రుక ఒకటి పీకి ఇయ్యి. డాక్టరు గారి ఎదుటే పోలుద్దాం.”

నాగదుర్గ పైట అంచును గట్టిగా పట్టుకుంది.

“ఇవ్వలేనండి అమ్మగారూ.”

“విన్నారా డాక్టరు గారూ? ఇవ్వలేదట! మోకాళ్ల దాకా జడ పెట్టుకుని, ఒక్క వెంట్రుక ఇవ్వడానికి ఎందుకే అంత భయం?”

“ఆ జడ వాడపల్లి వెంకన్నకి తలనీలాలుగా ఇచ్చేసేనండి, పాప వేలు దక్కిందని.”