అక్క బండికి లేబర్

"గీ క్లచ్ ప్లేట్లు ఎంతకొచ్చినయో నీకు ఎరుకేనా నాగేశ్?"

సంధ్య ఆ డబ్బాను బల్ల మీద పెట్టలేదు, పడేసింది. ఆమె ట్రాలీ ఆటో కింద వెల్లకిలా పడుకుని నట్లు విప్పుతున్న నాగేశ్‌కు అక్క కాళ్లు మాత్రమే కనబడ్డాయి. చెప్పుల నిండా దుమ్ము. గజేందర్ సామాన్ల దుకాణం నుంచి ఎండలో నడిచే వచ్చినట్టుంది.

బయటికి రాకుండానే అడిగాడు. "గజేందరన్నకు నా పేరు చెప్పినవా?"

"చెప్పిన. చెప్పినంకనే గీ రేటు."

బెంచీ మీద చాయ్ తాగుతున్న సారయ్య గ్లాసు దించాడు. ఆయన వాళ్లిద్దరికీ మేనమామ. స్కూటర్ బాగు చేయించుకుందామని పొద్దున వచ్చినవాడు, మధ్యాహ్నమైనా కదల్లేదు. ఎవరింటి సంగతి చెవిన పడినా వదిలే మనిషి కాదు.

సిద్దిపేటలో మెకానిక్ షెడ్డు పెట్టుకున్నవాడికి గిరాకీ కంటే చుట్టాలే ఎక్కువ. చుట్టాలు సామాన్లకు డబ్బులిస్తారు గానీ చేతి పనికి లేబర్ అడిగితే మొహం మాడ్చుకుంటారు. తరవాత పెళ్లిలో ఎదురుపడ్డా పలకరించరు. అందుకని నాగేశ్ ఎవరినీ లేబర్ అడగడు. "మనలో మనకు లేబరేంది, సామాన్లు మాత్రం గజేందరన్న దగ్గర నా పేరు చెప్పి తెచ్చుకోన్రి" అంటాడు. పేరు చెబితే రేటు తగ్గుతుందని వాళ్లు మురిసిపోతారు. గజేందర్ తగ్గించడు, పెంచుతాడు. పెంచినది నాగేశ్ వాటా. మామ అని లేదు, బావమరిది అని లేదు. చివరికి అక్క అని కూడా లేకపోయిందే అని అతనికి లోలోపల సిగ్గుగానే ఉండేది.

"బయటికి రా. మొఖం చూసి మాట్లాడు."

వచ్చాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తుడుచుకున్న చేతులనే మళ్లీ తుడుచుకున్నాడు.

"ఏమైందక్కా? ప్లేట్లు మంచిగ లేవా?"

"ప్లేట్లకేం రోగం. నేను రేటు సంగతి అడుగుతున్న. గజేందర్‌ను నిలదీస్తే, మీ తమ్మున్నే అడుగుపో అన్నడు. అడుగుతున్న, చెప్పు."

"రేటుకేమైందే బిడ్డా?" సారయ్య బెంచీ మీద ముందుకు జరిగాడు.

"నువ్వు ఊకో మామా."

నాగేశ్‌కు తోడబుట్టింది సంధ్య ఒక్కతే. అమ్మ పోయాక పండగైనా పబ్బమైనా, కష్టమైనా సుఖమైనా అతను వెళ్లేది ఆ ఒక్క గడపకే. ఆ తలుపు మూసుకుంటే ఇక తనకు దిక్కెవరు? అబద్ధమాడదామని చూశాడు. అక్క కళ్లలోకి చూస్తూ ఆడలేకపోయాడు.

"తీసుకున్ననక్కా. నీ బండి సామాన్ల మీద గూడ కమీషన్ తీసుకున్న. షెడ్డు కిరాయి పెరిగె, పిల్లల ఫీజులాయె. నిన్ను లేబర్ అడుగనీకి నోరు రాలే. గిట్ల దొంగసాటుగ తీసుకున్న."

"అంటే నా స్కూటర్‌కు గూడనా?" అన్నాడు సారయ్య.

ఆయన చేతిలోని చాయ్ గ్లాసు వంక అనుమానంగా చూశాడు, అందులోనూ ఎవరిదో వాటా ఉన్నట్టు.

సంధ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అది చూసి నాగేశ్ తట్టుకోలేకపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

"నీకు ఎవలో చెప్పినట్టున్నరు. తప్పే అక్కా, కాదంటలేను. కానీ ఇదొక్కటి విను. బావ దుబాయ్ నౌకరి పోయి ఇంటికొచ్చిండని తెల్వంగనే గజేందరన్న దగ్గరికి పోయిన. బావకు పని లేదు, అక్క బండికి ఇంక నా పైసలు కలపకు, అసలు రేటుకే ఇయ్యి అని చెప్పిన. ఇయ్యాల్టి ప్లేట్ల మీద నాకు రూపాయి లేదు. గీ ట్రాలీ మీదనే గదా ఇంక మీ ఇల్లు నడవాలె. ఇంకా నీ దగ్గర తింటే నాకు పురుగులు పడ్తయ్."

సారయ్య బెంచీ మీంచి లేచాడు. "అల్లుని నౌకరి పోయిందా? మొన్న గూడ సెలవు మీద వచ్చిన అన్నడు గదా?"

సంధ్య మామ వైపు తిరిగి చూడలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, డబ్బా తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. నాగేశ్ తల వంచుకున్నాడు. చెంపదెబ్బకైనా సిద్ధంగానే ఉన్నాడు.

"నీ వాటా సంగతి నాకు మొదటి సంది ఎరుకే, నీ కష్టం పైసలే అని తెలిసే ఇచ్చిన," అన్నది సంధ్య మెల్లగా. "ఇయ్యాల రేటు ఎందుకు తగ్గిందని అడుగవచ్చిన. గజేందర్ తక్కువ చెప్పుకుంట నా దిక్కు జాలిగ చూసిండు నాగేశ్. బజార్ల అందరికంటె ముందు నువ్వే మమ్ముల బీదోళ్లను చేసినవ్."