బండిలో పెట్టి రండి

పొద్దున్నుంచీ డార్లాకి ఒళ్ళు మండిపోతోంది.

తుపాకుల సంత గుమ్మం దగ్గర తనిఖీ బల్లకి ఇద్దరుండాలి. రెండో కుర్చీ ఖాళీ. అందులో కూర్చుంటానని మాటిచ్చిన మొగుడు కర్ట్, తెల్లారేసరికి "నువ్వెళ్ళు, నావల్ల కాదు" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆవుల్ని అమ్మేసినప్పటి నుంచీ ఇదే వరస. చీకటితో లేచి పాలు పితికే బాధ తప్పిందని సంతోషించాలా, వద్దా? మంచం దిగడు, పిలిస్తే పలకడు. పని లేకపోతే మగాడికి బద్ధకం ఇంతగా పెరుగుతుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలీదు.

బయట విస్కాన్సిన్ చలిలో జనం బారులు తీరి ఉన్నారు. అమ్ముకోవడానికో మార్చుకోవడానికో తుపాకీ తెచ్చిన ప్రతివాడూ ఈ బల్ల దగ్గర ఆగాల్సిందే. ఎవరి తుపాకీ వాళ్ళే తెరవాలి. మూతి ఇసుక డబ్బాలోకి పెట్టాలి. పిడిలోంచి తూటాల మ్యాగజైన్ లాగాలి. ఆ తర్వాత పైభాగం వెనక్కి లాగి, గొట్టంలో చూడాలి, చిటికెన వేలు పెట్టి తడమాలి. అప్పుడు డార్లా దానికి పచ్చ ప్లాస్టిక్ పట్టీ బిగిస్తుంది. "ఖాళీయే" అన్న మాట ఆ బల్ల దగ్గర చెల్లదు.

ఆ పద్ధతి పెట్టింది ఎమ్మెట్ హాల్వర్సన్. చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలందరికీ తుపాకీ పట్టడం నేర్పిన మనిషి. డార్లాకీ ఆయనే నేర్పాడు, కర్ట్‌కీ ఆయనే. శిక్షకుల నారింజరంగు టోపీ లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు.

ఆయనే ఇప్పుడు బల్ల ముందుకొచ్చాడు. చేతిలో కోడిపుంజుల బొమ్మలున్న వంటింటి తువ్వాలు, అందులో నల్ల పిస్తోలు. అలాంటి తువ్వాలు డార్లా ఇంట్లోనూ ఉంది. ఆ మాటకొస్తే దాణా కొట్టువాడు క్రిస్మస్‌కి ఊరందరికీ పంచాడు. పిస్తోలూ అంతే, రోజూ ఆ బల్ల మీదుగా పోయే బాపతే.

"మాస్టారూ, మీరు కూడా అమ్మకానికేనా?"

"డార్లా, ఒక్క మాట. కాస్త పక్కకి రా."

"ఆ జనాన్ని చూశారా? నేను లేస్తే చూసుకునే నాథుడు లేడిక్కడ. ముందు తుపాకీ తెరవండి."

"ఖాళీయే. మ్యాగజైన్ తీసేశాను."

ఆయన నోట ఆ మాట! డార్లా తెల్లబోయింది.

"గొట్టం చూశారా?"

ఎమ్మెట్ తుపాకీ మూతి ఇసుకలో పెట్టి పైభాగం వెనక్కి లాగాడు. లోపల్నుంచి ఒక తూటా ఎగిరి బల్ల మీద పడి, దొర్లుకుంటూ డార్లా కాఫీ కప్పుని తాకి ఆగింది.

వరసలో ముందున్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు.

"పెద్దాయనకి మతి పోయిందర్రా" అన్నాడు వెనకాల ఎవడో.

డార్లా అగ్గిమీద గుగ్గిలమైంది.

"మ్యాగజైన్ తీసి ఖాళీ అనుకునేవాడే మనుషుల్ని చంపుతాడని చెప్పిందెవరు? నా చేత వల్లె వేయించిందెవరు? జనం చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చారు ఇక్కడికి! ఆ తూటా వాళ్ళలో ఒకళ్ళకి తగిలుంటే?"

"తప్పే. కంగారులో..."

"ఏం కంగారు? కొంపలేం అంటుకున్నాయి?"

"పక్కకి వస్తే చెప్తాను తల్లీ."

"తప్పు అందరిముందూ చేశారుగా, చెప్పేదీ అందరిముందూ చెప్పండి."

ఆయన వరసకేసి చూశాడు. తెలిసిన మొహాలే అన్నీ.

"సరే. నియమం మీదే కదా. తూటాతో దొరికినవాడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కకూడదు. తీసుకెళ్ళి బండిలో పెట్టి రండి. రావడమెందుకు, అట్నుంచటే పోండి."

"బండిలో పెట్టలేను."

"ఏం?"

"బండిలో... ఓపల్ ఉంది."

"యాభై ఏళ్ళు మీతో కాపురం చేసిన మనిషి తుపాకీ చూసి మూర్ఛపోతుందా?"

వరసంతా ఘొల్లుమంది. ఎమ్మెట్ నవ్వలేదు. కోపమూ తెచ్చుకోలేదు. అదే డార్లాని ఇంకా మండించింది. కనీసం ఎదురు తిరిగినా బాగుండేది.

"నీ దగ్గరే ఉంచు. తాళం వేసి ఉంచు" అన్నాడాయన. "తిరిగిమ్మని అడగను."

"ఇక్కడ మీ వస్తువులు దాచిపెట్టడానికి కూర్చోలేదు నేను. పొద్దున్నే మందు కొట్టారా ఏమిటి?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

డార్లాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపంతోనే. ఇంట్లో చూస్తే అలా, ఇక్కడ చూస్తే ఇలా. ఈ లోకంలో మాట మీద నిలబడే మగాడు ఒక్కడు మిగిలాడనుకుంటే ఆ ఒక్కడూ ఇవాళ పోయాడు.

"ఆ టోపీ తీసివ్వండి" అంది, చెయ్యి చాచి.

నవ్వేవాళ్ళు నవ్వు ఆపేశారు. అది మరీ ఎక్కువని ఎవరో గొణిగారు. డార్లా చెయ్యి దించలేదు.

ఎమ్మెట్ టోపీ తీశాడు. తువ్వాలు పక్కన, తూటా పక్కన, బల్ల మీద పెట్టాడు. నెరిసిన జుట్టు చెమటకి నుదుటికి అంటుకుపోయి ఉంది. తర్వాత బల్ల మీదికి వంగి, వెనకవాళ్ళకి వినపడకుండా ఆమె చెవి దగ్గర అన్నాడు.

"ఇది నాది కాదమ్మా, నువ్విటు రాగానే మీ కొట్టంలో కర్ట్ చేతిలోంచి లాక్కున్నాను, వాడిప్పుడు నా బండిలోనే ఉన్నాడు, ఓపల్ చెయ్యి వదలకుండా నీకోసం చూస్తున్నాడు."