గుండు లేవలేదు

ఇనపగుండును గాల్లోకి మూరెడు ఎత్తు లేపాలి. అంతే పరీక్ష.

మాంత్రికుడు నుదుటి చెమట తుడుచుకున్నాడు. పొట్ట చేతపట్టుకుని ఈ పరాయి సామ్రాజ్యానికి వచ్చాక ఇది తొమ్మిదో ఏడు, తొమ్మిదో పరీక్ష. తప్పినవాళ్లు మళ్లీ ఏడాదిపాటు నిచ్చెన మోసుకుంటూ వీధిదీపాలు వెలిగించాలి. అదీ అగ్గిపుల్లతో. నెగ్గినవాళ్లకు పతకం, గుర్రం, సరిహద్దు సైన్యంలో కొలువు.

గది చివర బెంచీ మీద నీళ్ల సీసా పట్టుకుని అతని భార్య కూర్చుంది. ఏటా తోడొస్తుంది.

"ఊఁ, కానివ్వండి," అన్నాడు పరీక్షాధికారి ఆవులిస్తూ.

మాంత్రికుడు చేతులు చాచి మంత్రం చదివాడు. ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

బల్ల మీది గుండు కదల్లేదు. అధికారి నున్నటి గుండు మీద మాత్రం పచ్చగా గడ్డి మొలిచింది.

గుమాస్తాలు బల్లల కింద తలలు దూర్చి నవ్వుకున్నారు. అధికారి తల తడుముకుని, కాగితం మీద 'తప్పాడు' అని ముద్ర గుద్దాడు.

మొగుడూ పెళ్లాలు కాళ్లీడ్చుకుంటూ ఇంటికి నడిచారు. మెట్ల దగ్గర పక్కింటామె నిలబడి ఉంది. నిరుడు ఇదే పరీక్ష నెగ్గి, ఊరేగింపుగా సరిహద్దుకు వెళ్లిన మరో మాంత్రికుడి భార్య.

"అక్కా, మా ఆయన కబురేమైనా తెలిసిందా అక్కడ?"

"అడిగానమ్మా. అటు వెళ్లినవాళ్లలో ఒక్కరి కబురూ లేదట."

పక్కింటామె తలూపి లోపలికి వెళ్లిపోయింది.

మాంత్రికుడు బూట్లయినా విప్పకుండా మంచం మీద కూలబడ్డాడు.

"పొద్దున ఇక్కడ ఇస్త్రీపెట్టెను పైకప్పుదాకా లేపానా లేదా? నువ్వూ చూశావుగా! అక్కడికెళ్తే ఏం మాయరోగమే నాకు?"

"కంగారు పడతారు మీరు. కాళ్లిలా పెట్టండి."

ఆమె బూట్లు విప్పింది. నిచ్చెన మెట్లెక్కీ ఎక్కీ అరికాళ్లు రాయిలా గట్టిపడ్డాయి. వాటికి నూనె రాస్తూ కూర్చుంది.

"నన్ను కట్టుకుని నువ్వేం సుఖపడ్డావే?"

"చాల్లెండి. మీరు కళ్లెదుట ఉన్నారు, అది చాలదూ?"

"వచ్చే ఏడు నెగ్గుతాను. చూస్తూ ఉండు," అన్నాడు. ఆ మాట పూర్తికాకముందే గురక మొదలైంది.

ఆమె దుప్పటి కప్పి, వచ్చే ఏడు ఆయన మంత్రానికి తను ఇంకే మంత్రం అడ్డువేయాలా అని ఆలోచనలో పడింది.